ఇల్లంటే ఎవరెవరు?

మొన్న ఆదివారం పాత ఫోన్ ఒకటి పారేసే ముందు, అందులో ఫోటోలేమైనా మిగిలిపోయాయేమోనని చూస్తుంటే 2020 నాటి మా వాట్సాప్ గ్రూపు బయటపడింది. రెడింగ్‌లో ఉండే ఐదారు తెలుగు కుటుంబాల గ్రూపు అది. ఆగస్టు 21 రాత్రి నేను పెట్టిన మెసేజి ఒకటి ఉంది అందులో: "రేపు చవితికి అందరూ మా ఇంటికే. 30 మంది దాకా ఓకే అంట, చూశాను." దాని కింద ఎనిమిది బొటనవేళ్ళు.

ఇంకా కిందికి జరిపితే డిసెంబర్ 27. అదీ నా మెసేజే: "ఎవరూ అన్నయ్య ఇంటికి వెళ్ళకండి. టియర్ 4లో వేరేవాళ్ళ ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఫైన్ పడుద్ది." దీని కింద బొటనవేలు ఒక్కటీ లేదు. "అయ్యో" అని ఇద్దరు రాశారు, అంతే.

ఇప్పుడు చూసుకుంటే మొదటి మెసేజి సగం తప్పు, రెండోది పూర్తిగా తప్పు. మొదటి తప్పు వల్ల, దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. రెండో తప్పు వల్ల ఒక మనిషి తండ్రి పోయిన పదకొండు రోజులూ ఒక్కడే గదిలో కూర్చున్నాడు. చట్టం ప్రకారం అతను అలా కూర్చోవాల్సిన అవసరం లేదు. ఆ సంగతి నాకు తెలియలేదు.

నా ఉద్యోగమే రూల్స్ చదవడం. క్లయింట్ పంపిన యాభై పేజీల రిక్వైర్‌మెంట్స్‌లో ఏ షరతు ఎప్పుడు వర్తిస్తుందో, ఏది వర్తించదో వెతికి కోడ్ రాస్తాను. అలాంటివాణ్ణి ఇంటికి ఎవరు రావచ్చో చెప్పే రూల్‌ని తప్పుగా చదివాను. ఎందుకు చదివానో ఇన్నేళ్ళకి కాస్త అర్థమైంది. అదే రాస్తున్నాను.

మొదట్లో రూల్ తేలికే. 2020 మార్చి 23 రాత్రి ప్రధాని బోరిస్ జాన్సన్ టీవీలో కనబడి ఇంట్లోనే ఉండమన్నారు. 26 నుంచి అది చట్టమైంది. ఎవరింటికీ వెళ్ళకూడదు, ఎవరినీ రానివ్వకూడదు. కూరగాయలు, మందులు, రోజుకోసారి వ్యాయామం, తప్పనిసరి ఉద్యోగం, ఇలాంటి కొన్నిటికే బయటికి రావాలి. ఫోన్‌లో మా అమ్మకి ఒక్క ముక్కలో చెప్పేశాను. "మాకూ అంతే నాయనా" అంది. విజయవాడలో అప్పుడు పోలీసులు సందుల మొదట్లో బారికేడ్లు పెట్టి కూర్చున్నారు.

కష్టమంతా సడలింపులతో మొదలైంది. మే 13 నుంచి వేరే ఇంటివాళ్ళలో ఒక్కరిని పార్కులో రెండు మీటర్ల దూరంలో కలవచ్చన్నారు. జూన్ 1 నుంచి ఆరుగురు, పెరట్లో కూడా. జూలై 4 నుంచి రెండు ఇళ్ళవాళ్ళు ఇంట్లోనే కలవచ్చు. ఇక్కడే తిరకాసు. ఆ "రెండు ఇళ్ళు" అన్నది ప్రభుత్వం ఇచ్చిన గైడెన్స్. చట్టంలో ఉన్నది వేరు: ఇంట్లో 30 మందికి మించి గుమికూడకూడదు అని. అంటే ముగ్గురు నలుగురు కుటుంబాలవాళ్ళం ఒక ఇంట్లో చేరితే పోలీసు ఫైన్ వెయ్యలేడు, కానీ ప్రభుత్వం వద్దన్న పని చేసినట్టే. ఏది చట్టం, ఏది సలహా అన్నది వెబ్‌సైట్‌లో పక్కపక్కనే ఉండేవి. టీవీలో మంత్రులు రెంటినీ ఒకే గొంతుతో చెప్పేవాళ్ళు.

నేను వార్తల్లో 30 అన్న అంకె చూశాను. అంకె కనబడితే ఇంజనీరు ఆగిపోతాడు. మూడు కుటుంబాలు, పిల్లలతో కలిపి పదకొండుమందిమి. 30 కంటే ఎంత తక్కువ! ఉండ్రాళ్ళూ పులిహోరా చేసుకుని, కిటికీలు కూడా తియ్యకుండా, మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా కూర్చున్నాం. రూల్ ప్రకారమే ఉన్నామని నిజంగా నమ్మాను.

ఈ అయోమయం మా ఒక్కళ్ళదే కాదని తర్వాత తెలిసింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు ఆ ఏడాదంతా జనాన్ని అడుగుతూ పెద్ద అధ్యయనం ఒకటి చేశారు. కఠినమైన లాక్‌డౌన్ ఉన్నప్పుడు రూల్స్ మొత్తమ్మీద అర్థమయ్యాయి అన్నవాళ్ళు నూటికి 90 మంది. జూలై సడలింపుల తర్వాత ఆ మాట అన్నవాళ్ళు ఇంగ్లండ్‌లో 45 మంది. వేల్స్‌లో 61, స్కాట్లండ్‌లో 75. దేశం ఒకటే, వైరస్ ఒకటే. స్కాట్లండ్, వేల్స్ మెల్లిగా సడలించాయి. ఇంగ్లండ్‌లో వారానికొకటి మారింది.

సంఖ్యల సంగతి అలా ఉంచితే, మమ్మల్ని అసలు ఇబ్బంది పెట్టింది ఒక మాట. హౌస్‌హోల్డ్. ఆ రెండేళ్ళూ ప్రతి రూల్ ఆ మాట మీదే నడిచింది. "టూ హౌస్‌హోల్డ్స్", "అనదర్ హౌస్‌హోల్డ్", "లింక్డ్ హౌస్‌హోల్డ్". దాన్ని మేము మా బుర్రల్లో "కుటుంబం" అని తర్జుమా చేసుకున్నాం. అక్కడే దారి తప్పాం.

ఇక్కడి జనాభా లెక్కల్లో హౌస్‌హోల్డ్ అంటే బంధుత్వంతో సంబంధం లేదు. ఒక్కడే ఉంటే అతను ఒక హౌస్‌హోల్డ్. లేదా ఒకే చిరునామాలో ఉంటూ ఒకే వంటగది వాడుకుంటూ, కూర్చునే గదో భోంచేసే చోటో కలిసి వాడుకునేవాళ్ళు. ఆశ్చర్యమేంటంటే మన ఇండియా జనాభా లెక్కల నిర్వచనం కూడా దాదాపు అదే: కలిసి ఉంటూ ఒకే వంటగదిలో తినేవాళ్ళు. మన భాషకీ ఇది కొత్త కాదు. అన్నదమ్ములు విడిపోతే "వేరు కుంపటి పెట్టారు" అంటాం. ఆస్తి పంచుకోకపోయినా, ఒకే లోగిట్లో ఉన్నా, పొయ్యి వేరైతే ఇల్లు వేరే.

ఆ లెక్కన మా వీధి చివర ఒక ఇంట్లో ఉన్న నలుగురు బ్యాచిలర్లు ఒక హౌస్‌హోల్డ్. ఒకడిది నెల్లూరు, ఒకడిది వరంగల్, మిగతా ఇద్దరూ చెన్నై. ఒకడి తల్లిదండ్రుల పేర్లు ఇంకొకడికి తెలియవు. అయినా ఒకే కుక్కర్‌లో వండుకుంటారు కాబట్టి వాళ్ళు మాస్కులు లేకుండా పక్కపక్కనే కూర్చుని సినిమా చూడొచ్చు. రెండు వీధుల అవతల ఉన్న నా సొంత బావమరిది మాత్రం వేరే హౌస్‌హోల్డ్. మా ఆవిడకి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. "వాడు నా తమ్ముడండీ, బయటివాడేంటి?" అనేది. రూల్ పుస్తకం అడిగేది "ఎవరితో తింటున్నావు" అని. మేము జవాబిచ్చేది "ఎవరు మనవాళ్ళు" అని. రెండూ వేరు వేరు ప్రశ్నలు.

"మనవాళ్ళే కదా" అన్నది మన దగ్గర అన్నిటికీ మందు. తెలియనివాడు లిఫ్ట్‌లో తుమ్మితే ఊపిరి బిగబడతాం. మనవాడు పక్కన కూర్చుని దగ్గితే మంచినీళ్ళిస్తాం. టెస్కోలో ట్రాలీ చెయ్యి శానిటైజర్‌తో తుడిచేవాళ్ళం, మనింట్లో ఒకే పళ్ళెంలోంచి పకోడీలు తీసుకునేవాళ్ళం. వైరస్ గాలిలో వ్యాపిస్తుంది. మూసిన గది, మాస్కు లేని మొహాలు, గంటల తరబడి కబుర్లు, ఇదీ దానికి కావలసింది. అంటే దానికి అన్నిటికంటే అనువైన చోటు మనం అన్నిటికంటే నమ్మే చోటే. ఇళ్ళలో కలుసుకోవడం మీద అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఇదే. ఈ ఒక్క ముక్క మాకెవరైనా మొదట్లో విడమర్చి చెప్పి ఉంటే, అంకెలు గుర్తు పెట్టుకోకపోయినా చవితి రోజు కిటికీలన్నా తీసేవాళ్ళం.

కారణం చెప్పకుండా రూల్ ఒక్కటే చెబితే ఏమవుతుందో జూలై 30న చూశాం. ఆ రాత్రి తొమ్మిది దాటాక ఆరోగ్యమంత్రి మాట్ హాంకాక్ ట్విట్టర్‌లో పెట్టారు: గ్రేటర్ మాంచెస్టర్, తూర్పు లాంకషైర్, పశ్చిమ యార్క్‌షైర్‌లో కొన్ని ప్రాంతాల్లో అర్ధరాత్రి నుంచి ఒక ఇంటివాళ్ళు ఇంకొకరి ఇంట్లో గాని పెరట్లో గాని కలవకూడదని. తెల్లవారితే బక్రీద్. వంటలు సగం అయిపోయి ఉంటాయి, చుట్టాలకి పిలుపులు వెళ్ళిపోయి ఉంటాయి. మూడు గంటల ముందు చెప్పారు. పబ్బులు మాత్రం తెరిచే ఉన్నాయి. మాంచెస్టర్‌లో నాతో పనిచేసే ఒకతను మర్నాడు కాల్‌లో అడిగాడు: "మా అమ్మని పెరట్లో కలవకూడదు, పక్కన పబ్బులో తెలియనివాళ్ళ మధ్య కూర్చోవచ్చు. దీన్ని నా పిల్లలకి ఎలా చెప్పను?" పబ్బులో కూడా వేరే ఇంటివాళ్ళతో కూర్చోవద్దనే గైడెన్స్ చెప్పింది. కానీ అతనికి వినబడింది పబ్బు తెరిచి ఉందని, అమ్మ ఇల్లు మూసి ఉందని. ఏది మూసుకుందో మనిషి ముందు చూస్తాడు.

దానికి ముందే లెస్టర్ సంగతి ఉంది. దేశంలో మొదటి లోకల్ లాక్‌డౌన్ అక్కడే. జూన్ 29న ప్రకటించారు. జూలై 4న ఇంగ్లండ్ అంతా తలుపులు తీస్తే లెస్టర్ మూసుకునే ఉంది. గుజరాతీలు, పంజాబీలు, మనవాళ్ళూ ఎక్కువగా ఉండే ఊరు. అదే ఆగస్టులో, సోమ మంగళ బుధవారాల్లో హోటల్‌కి వెళ్ళి తింటే బిల్లులో సగం, మనిషికి 10 పౌండ్ల దాకా, ప్రభుత్వమే కట్టే పథకం నడిచింది. ఒక చేత్తో బయటికి వెళ్ళి తినండని డబ్బులిస్తూ, ఇంకో చేత్తో చుట్టాల ఇంటికి వెళ్ళొద్దంటే, జనం ఆ రెంటిలోంచి తమకి నచ్చింది ఏరుకుంటారు. మేమూ ఏరుకున్నాం.

సెప్టెంబర్ 14 నుంచి ఇదంతా తీసేసి ఒకటే రూల్ అన్నారు. రూల్ ఆఫ్ సిక్స్. ఆరుగురికి మించి కలవకూడదు, ఇంట్లోనైనా బయటైనా. ఈసారి చట్టమూ గైడెన్సూ ఒకటే మాట చెప్పాయి. హమ్మయ్య అనుకున్నాం. ఆ నెలాఖరున మా చిన్నదాని పుట్టినరోజు వచ్చింది. మేము నలుగురం. పిలుద్దామనుకున్న జంటకి ఐదు నెలల పిల్లాడు. మొత్తం ఏడుగురు. ఇంగ్లండ్‌లో చంకలో పిల్లాడు కూడా ఒక మనిషే. ఎడిన్‌బరోలో ఉన్న నా రూమ్మేట్ ఫోన్‌లో నవ్వాడు: "మా దగ్గర పన్నెండేళ్ళలోపు పిల్లలు లెక్కలోకి రారు, కానీ రెండు ఇళ్ళకి మించకూడదు." వేల్స్‌లో పదకొండేళ్ళలోపు పిల్లల్ని వదిలేశారు. ఆ పిల్లాడు కారులో సరిహద్దు దాటితే మాయమవుతాడన్నమాట.

ఆ చట్టంలో "మింగిల్" అని ఒక మాట. రెండు గుంపులు కలిసిపోకూడదని. కలిసిపోవడం అంటే ఏంటని హోం మంత్రి ప్రీతి పటేల్‌ని రేడియోలో అడిగితే, పార్కుకి వెళ్తున్న నలుగురి కుటుంబం దారిలో ఇంకో నలుగురి కుటుంబాన్ని చూసి ఆగి పలకరిస్తే అదీ మింగిలే అన్నారు. మా గ్రూపులో ఎవరో "మింగుడుపడని మింగిల్" అని పెట్టారు. రెండు వారాలు తిరిగేసరికి, సెప్టెంబర్ 29న, ఈశాన్య ఇంగ్లండ్‌కి పెట్టిన కొత్త ఆంక్షలేంటో సాక్షాత్తూ ప్రధానే తప్పు చెప్పి, తర్వాత పొరపాటున అన్నానని ఒప్పుకున్నారు. ఆ రోజు పొద్దున్నే ఆయన మంత్రి ఒకరు అదే ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయారు. రూల్ పెట్టినవాళ్ళకే నోటికి రాని రూల్ అది.

ఇండియాలో లాక్‌డౌన్ మొదటి నెలల్లో పెళ్ళికి 50 మంది, అంత్యక్రియలకి 20 మంది అన్నారు. పాటించారా లేదా అన్నది వేరే సంగతి. అందులో అర్థం కానిదేమీ లేదు. ఒక పని, ఒక అంకె. ఇక్కడ అంకెతో పాటు ఇల్లంటే ఏంటో, ఏ ఊళ్ళో ఉన్నావో, ఇంట్లోనా పెరట్లోనా వీధిలోనా, పిల్లాడి వయసెంత, అన్నీ చూడాలి. ఇదంతా చూడగలిగితేనే రూల్ తెలిసినట్టు. మేము చూడలేక ఒక పద్ధతికి వచ్చేశాం: అనుమానం వస్తే కాదనుకో. మా అందరివీ వీసా బతుకులు. ఫైన్ పడితే రేపు ఐఎల్ఆర్‌కి ఏం తిప్పలొస్తాయోనని భయం. ఆగస్టులో 30 చూసి సంబరపడినవాళ్ళమే డిసెంబర్‌కి నీడకి కూడా భయపడేవాళ్ళమైపోయాం.

అన్నయ్య సంగతికి వస్తాను. ఆయన నాకు సొంత అన్నయ్య కాదు. తెనాలి వైపు ఆయన. 2020 జనవరిలో మా ఆఫీసు పక్క బిల్డింగ్‌లోని కంపెనీకి వచ్చారు. ఒక్కరే, ఒక పడకగది ఫ్లాట్. వదినా పిల్లలూ పరీక్షలయ్యాక వేసవిలో రావాలి. ఆ వేసవి ఏమైందో మీకు తెలుసు.

ఆ ఏడాది క్రిస్మస్‌కి ఐదు రోజులు, డిసెంబర్ 23 నుంచి 27 దాకా, మూడు ఇళ్ళవాళ్ళు కలవొచ్చని నవంబర్‌లోనే చెప్పారు. మేము అన్నయ్యని పిలిచాం. ఆయన ఒక రోజు ముందే వచ్చి గోంగూర మాంసం వండుతానన్నారు. కెంట్‌లో కొత్త వేరియంట్ బయటపడింది. డిసెంబర్ 19 సాయంత్రం ప్రధాని టీవీలోకి వచ్చి లండన్‌కీ ఆగ్నేయంలో చాలా ప్రాంతాలకీ టియర్ 4 అన్నారు. మా రెడింగ్ కూడా అందులో ఉంది. ఇక ఇంట్లో ఎవరూ కలవకూడదు. బయట, అదీ బహిరంగ స్థలంలో, ఒకరు ఒకరిని మాత్రం కలవొచ్చు. మూడు రోజుల తర్వాత ఇండియా ఇక్కడినుంచి వచ్చే విమానాలన్నీ ఆపేసింది. డిసెంబర్ 31 దాకా అని, తర్వాత జనవరి 7 దాకా అని.

డిసెంబర్ 27 ఆదివారం తెల్లవారుజామున అన్నయ్య వాళ్ళ నాన్నగారు గుండెపోటుతో పోయారు. వెళ్ళడానికి విమానం లేదు. ఆయన ఫోన్‌లో చూశారు, అన్నీ. తమ్ముడు తలకొరివి పెడుతుంటే కొడవళ్ళలాంటి ఎండలో జనం నిలబడి ఉన్నారు, ఇక్కడ కిటికీలో ఇంకా చీకటి. తర్వాత నాకు ఫోన్ చేశారు. "నాన్న పోయాడు తమ్ముడూ" అన్నారు. "వస్తున్నానన్నయ్యా" అన్నాను. చెప్పులేసుకుంటూ ఆగి, ఫోన్ తీసి రూల్ చూశాను. టియర్ 4, ఇంట్లో కలవకూడదు. అంతవరకే చదివాను. గ్రూపులో ఆ మెసేజి పెట్టాను. అన్నయ్య కూడా అదే అన్నారు: "వద్దు తమ్ముడూ, మీకు పిల్లలున్నారు, వీసా ఉంది."

మన ఊళ్ళలో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగువాళ్ళో వియ్యాలవారో వండి తెస్తారు. కేవలం అన్నం కోసం కాదు. తెచ్చినవాళ్ళు కూర్చుంటారు, తినిపిస్తారు, పోయినాయన గురించి నాలుగు మాటలు మాట్లాడతారు. మా ఆవిడ రోజూ క్యారియర్ కట్టింది. నేను తీసుకెళ్ళి ఆయన ఫ్లాట్ కింద పేవ్‌మెంట్ మీద నిలబడి ఫోన్ చేసేవాణ్ణి. ఆయన కిందికి వచ్చేవారు. ఒకరు ఒకరిని బహిరంగ స్థలంలో కలవడం, రూల్ ప్రకారమే. రెండు మీటర్ల దూరంలో క్యారియర్ పెట్టి వెనక్కి జరిగేవాణ్ణి. చలి ఒకటీ రెండూ డిగ్రీలు. రెండు నిమిషాలు మాట్లాడేసరికి ఆయన చేతులు వణికేవి. "వెళ్ళు తమ్ముడూ, చలి" అనేవారు. తండ్రి పోయినాయన నాకు చలిగా ఉందని నన్ను పంపించేసేవారు.

జనవరి 4న మూడో లాక్‌డౌన్ ప్రకటించారు. 6న, ఊళ్ళో పెద్దకర్మ జరిగిన రోజున, అది చట్టంగా అమల్లోకి వచ్చింది. బడులు మూశారు. ఇద్దరం పనిచేస్తున్నాం, చిన్నదాన్ని ఎవరైనా చూసుకునే వీలుందా అని మా ఆవిడ అడిగితే జనవరి నెల సగంలో ఒక రాత్రి కూర్చుని మొదటిసారి ఆ రూల్స్ పేజీని పైనుంచి కిందిదాకా చదివాను. అక్కడ కనబడింది సపోర్ట్ బబుల్. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేకుండా ఒక్కరే ఉండే మనిషి, ఇంకొక్క ఇంటిని ఎంచుకుని, ఆ ఇంటివాళ్ళతో ఒకే హౌస్‌హోల్డ్‌లా ఉండొచ్చు. ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నా సరే. లోపలికి రావచ్చు, కలిసి తినొచ్చు, రాత్రి ఉండిపోవచ్చు, దూరం కూడా పాటించనక్కర్లేదు. ఇది కొత్తగా పెట్టింది కాదు. ఇంగ్లండ్‌లో 2020 జూన్ 13 నుంచే ఉంది. టియర్ 4లో కూడా ఉంది. నేను డిసెంబర్ 27న చదవడం ఆపేసిన వాక్యం తర్వాత వాక్యంలో ఉంది.

ఆ మాట అంతకుముందు నేను వినకపోలేదు. విన్నాను. "బబుల్" అంటే స్కూల్లో పిల్లల బబుల్, క్రిస్మస్ బబుల్, పిల్లల్ని చూసుకునే బబుల్, న్యూజిలాండ్‌లో ఎవరో మొదలుపెట్టిన బబుల్, ఇన్ని బబుల్స్‌లో అదొకటి అనుకున్నాను. ఒంటరి తల్లుల కోసమో, తెల్లవాళ్ళలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ కోసమో అనుకున్నాను. ఐటీ ఉద్యోగం చేస్తున్న నలభై నాలుగేళ్ళ తెనాలి మనిషి కూడా "ఒక్కడే ఉండే మనిషి" అని నాకు తట్టలేదు. మా లెక్కలో ఆయన ఒంటరి కాదుగా. భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారు, తెనాలిలో. కుటుంబం అని తర్జుమా చేసుకున్నందుకు జరిగిన నష్టం ఇది. ఆయన కుటుంబంలో నలుగురు. ఆయన హౌస్‌హోల్డ్‌లో ఒక్కడే.

ఆలోచిస్తే సపోర్ట్ బబుల్ అన్నది మనకి తెలియని వ్యవహారమేమీ కాదు. పొయ్యి వెలగని ఇంటికి ఇంకో పొయ్యి మీద వండింది వెళ్ళడమే. మన ఆచారం ఎప్పటినుంచో చెబుతున్న పనిని ఆ చట్టం కూడా చెయ్యమంది. అనువాదంలో నేను దాన్ని పారేశాను.

ఆ రాత్రే ఫోన్ చేశాను. తెలియక అలా చేశానని చెప్పాను. అన్నయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంటే ఇప్పుడు రావచ్చా?" అని అడిగారు. ఆ ఆదివారం వచ్చారు. పదిరోజుల క్యారియర్ గిన్నెలన్నీ తోమి సంచిలో పెట్టి తెచ్చారు. మా చిన్నది వెళ్ళి ఒళ్ళో కూర్చుంది. ఆయన అప్పుడు ఏడ్చారు, మూడు వారాలు ఆలస్యంగా. ఏప్రిల్‌లో రాణిగారు భర్త అంత్యక్రియల్లో చర్చిలో ఒక్కరే కూర్చున్న ఫోటో పేపర్లలో వస్తే, ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

తర్వాత కథ మీకు తెలిసిందే. ప్రధాని కార్యాలయంలో ఆ రోజుల్లోనే జరిగిన పార్టీల సంగతి 2021 చివర్లో బయటికి వచ్చింది. పోలీసులు 83 మందికి మొత్తం 126 ఫైన్లు వేశారు. 2020 జూన్ 19న తన పుట్టినరోజున క్యాబినెట్ గదిలో జరిగినదానికి బోరిస్ జాన్సన్‌కి, అప్పటి ఆర్థికమంత్రి రిషి సునాక్‌కి 2022 ఏప్రిల్‌లో ఫైన్ పడింది. అది రూల్‌కి విరుద్ధమని అప్పుడు తనకి తట్టలేదని జాన్సన్ అన్నారు. మా గ్రూపులో అందరూ మండిపడ్డారు. నాకూ మండింది. కానీ నాకు లోపల ఇంకో మాట గుచ్చుకుంది. తట్టకపోవడం ఆయనకీ నాకూ ఇద్దరికీ జరిగింది. ఆయనకి తట్టకపోతే కేకు వచ్చింది. నాకు తట్టకపోతే అన్నయ్య గదిలో ఒక్కడే ఉన్నాడు. రూల్ గజిబిజిగా ఉన్నప్పుడు ధైర్యం ఉన్నవాడు దాన్ని తనవైపు చదువుకుంటాడు. భయం ఉన్నవాడు తనకి వ్యతిరేకంగా చదువుకుంటాడు. జనానికి రూల్స్ అర్థం కాలేదు అనగానే మనకి పార్టీలు చేసుకున్నవాళ్ళే గుర్తొస్తారు. ఇచ్చిన వెసులుబాటు కూడా వాడుకోకుండా తలుపులేసుకుని కూర్చున్నవాళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇళ్ళలో కలవడం మీద ఆంక్షలు పెట్టడమే తప్పని నేననను. మా చవితి పులిహోర రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రోజు ఎవరికో ఒకరికి ఉండి ఉంటే ఏమయ్యేది? నేననేది ఒకటే. రూల్‌తో పాటు కారణం చెబితే మనిషి రూల్ మర్చిపోయినా సరైన పనే చేస్తాడు. రూల్‌తో పాటు మినహాయింపు కూడా అంతే గట్టిగా చెబితే, భయస్తుడికి కూడా తలుపు తియ్యొచ్చని తెలుస్తుంది.

ఇంకోసారి ఇలాంటి కాలం రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం "కూడదు" దగ్గర ఆపకుండా "అయితే" దాకా చదవాలని నిశ్చయించుకున్నాను. మీ చుట్టుపక్కల ఒక్కరే ఉంటున్న మనిషి ఎవరో, ఎవరి కుటుంబం ఎక్కడున్నా సరే, ఇప్పుడే ఒకసారి లెక్క చూసుకోండి.

వదినా పిల్లలూ 2021 చివర్లో వచ్చేశారు. ఇప్పుడు ప్రతి ఏడూ వాళ్ళ నాన్నగారి ఆబ్దికానికి మొదటి పిలుపు మాదే. పాత ఫోన్ పారేశాను గాని, ఆ డిసెంబర్ 27 మెసేజి స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకున్నాను.